చదరంగపు గళ్లలోని సంఖ్య

చదరంగాన్ని కనిపెట్టిన సిస్సా అనే పండితుడు రాజును కోరిన బహుమానం కథ వినని విద్యార్థి అరుదు. మొదటి గడికి ఒక గోధుమగింజ, రెండవ దానికి రెండు, మూడవ దానికి నాలుగు. ఇట్లు 64 గళ్లకూ రెట్టింపు చేస్తూ పోవలెనన్నాడు. 13వ శతాబ్దికి చెందిన అరబ్బీ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ ఈ కథను గ్రంథస్థం చేశాడు. రాజు ఆ గింజలను చెల్లించలేకపోయాడని చెప్పి అందరూ కథను ముగిస్తారు. గణిత విద్యార్థికి మాత్రం అసలు విషయం అక్కడనే ఆరంభమవుతుంది.

మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. గింజ ఒక్కింటికి 40 మిల్లీగ్రాముల చొప్పున లెక్కగట్టితే, నేటి ప్రపంచపు గోధుమపంటను సుమారు తొమ్మిది వందల సంవత్సరాలు పోగుచేయవలసి వస్తుంది.

దీనిని రాబట్టుటకు 64 సంఖ్యలను కూడనక్కరలేదు. ఏ గడి వరకు కూడినను, మొత్తం తరువాతి గడిలోని గింజల కంటె ఒకటి మాత్రమే తక్కువ. 1 + 2 + 4 = 7; నాలుగవ గడిలో 8. కనుక మన సంఖ్య 2⁶⁴ − 1. ఇక రెండును వరుసగా ఆరుసార్లు వర్గం చేస్తే 2⁶⁴ వస్తుంది: 4, 16, 256, 65,536, 429,49,67,296, ఆ పైన కావలసినదే. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన 'ఆసారుల్ బాఖియా'లో ఇట్టి వర్గపద్ధతితోనే సరియైన విలువను సాధించాడు. ఇరవై అంకెలలో ఒక్కటి కూడ తప్పలేదు!

ఈ సంఖ్య కారణాంకాలు మరింత ఆసక్తికరమైనవి. వర్గాల భేదసూత్రాన్ని మరల మరల ప్రయోగిస్తే అది 3 × 5 × 17 × 257 × 65,537 × 429,49,67,297గా విడిపోతుంది. మొదటి ఐదూ ప్రధానసంఖ్యలే. ఈ వరుసలోనివన్నీ ప్రధానసంఖ్యలే అయి ఉంటాయని 17వ శతాబ్దిలో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ ఆరవ దానిని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపాడు, భాగఫలం 67,00,417.

భాగహారం చేయకనే దీనిని నిరూపించవచ్చు. 640 = 5 × 2⁷ కనుక 640⁴ = 5⁴ × 2²⁸. దీనిని 641తో భాగిస్తే శేషం 1. అనగా 5⁴ × 2²⁸ − 1 అనునది 641కి గుణిజం. మరొక వైపు 641 = 625 + 16 = 5⁴ + 2⁴. దీనిని 2²⁸తో గుణిస్తే వచ్చే 5⁴ × 2²⁸ + 2³² కూడ 641కి గుణిజమే. రెండవ దాని నుండి మొదటిదానిని తీసివేస్తే మిగిలేది 2³² + 1, అనగా ఆ ఆరవ సంఖ్యయే. పట్టుమని పది పంక్తులు కూడ లేని ఈ నిరూపణను విద్యార్థులు స్వయంగా వ్రాసి చూడవలెను.

ఆ మొదటి ఐదు ప్రధానసంఖ్యల లబ్ధం 429,49,67,295. ఇది బల్లపై సగభాగంలో, అనగా మొదటి 32 గళ్లలో, ఉండే గింజల మొత్తం. గౌస్ 1801లో ప్రకటించిన సూత్రం ప్రకారం, రూళ్లకర్ర, వృత్తలేఖినులతో మాత్రమే నిర్మింపదగిన బేసి భుజాల క్రమ బహుభుజాలలో, మనకు తెలిసినంతవరకు, అత్యధిక భుజాలు కలదానికి ఉండేవి సరిగా ఇన్ని భుజాలే. ఫెర్మా వరుసలో ఆరవ ప్రధానసంఖ్య ఇంతవరకు దొరకలేదు. లేదని నిరూపించిన వారూ లేరు. అది దొరికిననాడు ఈ మాటను మార్చుకోవలసి వస్తుంది.