ప్లేటు నోట్లో ఉంటేనే పని

బుజ్జికి పదకొండేళ్లు. ఆరో తరగతి చదువుతోంది. ఆమె పై పళ్లు ముందుకు వచ్చాయి. చిన్నప్పుడు వేలు చీకే అలవాటు ఉండేది. ఎనిమిదో ఏట గానీ మానలేదు. బడిలో కొందరు పిల్లలు "ఎత్తుపళ్లు" అని వెక్కిరించేవారు.

బుజ్జి తల్లి కూలిపనికి పోతుంది. ఒకరోజు పని మానుకుని కూతుర్ని పట్నంలో పళ్ల ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ పళ్లు చూసింది. నోటి అచ్చు తీసుకుంది. కొన్ని రోజుల తర్వాత ఒక ప్లేటు ఇచ్చింది.

ఆ ప్లేటు ప్లాస్టిక్‌లాంటి గట్టి పదార్థంతో చేసింది. అంగిలికి సరిగ్గా అమరుతుంది. దానికి సన్నని స్టీలు తీగలు ఉన్నాయి. వెనక తీగలు దవడ పళ్లను పట్టుకుంటాయి. ముందు తీగ ఎత్తుపళ్లను మెల్లగా లోపలికి నెడుతుంది. ప్లేటును మనమే పెట్టుకోవచ్చు, మనమే తీయవచ్చు.

"రాత్రీ పగలూ పెట్టుకోవాలి పాపా. అన్నం తినేటప్పుడు, పళ్లు తోముకునేటప్పుడు మాత్రం తీయి" అని డాక్టరమ్మ చెప్పింది.

రెండు నెలలు గడిచాయి. తల్లీ కూతుళ్లు మళ్లీ ఆసుపత్రికి వెళ్లారు. పళ్లు ఏమాత్రం కదల్లేదు.

"రోజూ పెట్టుకుంటున్నావా పాపా?"

"పెట్టుకుంటున్నానండీ."

"ఏదీ, ప్లేటు పెట్టుకుని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టు."

బుజ్జి లెక్కపెట్టింది. మాట తడబడింది. ప్లేటు అలవాటైన పిల్లలు తేటగా మాట్లాడతారు. పైగా బుజ్జి అంగిలి మీద ప్లేటు అచ్చు కూడా లేదు. డాక్టరమ్మకు సంగతి తెలిసిపోయింది.

తల్లికి కోపం వచ్చింది. "కూలి పోగొట్టుకుని తిప్పుతుంటే అబద్ధాలు చెబుతావా?" అంటూ చెయ్యి ఎత్తింది.

డాక్టరమ్మ ఆపింది. "కొట్టకమ్మా! కొడితే నీ ముందు పెట్టుకుంటుంది. నువ్వు పోగానే తీసేస్తుంది. ఎందుకు తీస్తోందో అడుగుదాం."

బుజ్జి కాసేపు తల వంచుకుంది. తర్వాత చెప్పింది. "పాఠం చదవమంటే నత్తి వస్తోందండీ. అందరూ నవ్వుతున్నారు. అందుకే బడికి పోయే దారిలోనే తీసేస్తున్నా. రాత్రి చొంగ కారుతోంది. ఒక పక్క గుచ్చుకుంటోంది."

డాక్టరమ్మ నోట్లోకి చూసింది. ఒకచోట చిగురు ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. ఆమె ఆ తీగను సరిచేసింది. "గుచ్చుకుంటే వెంటనే నా దగ్గరికి రావాలి. మీరు తీగ వంచకూడదు. నత్తి, చొంగ కొత్తలోనే ఉంటాయి. కొద్ది రోజుల్లో తగ్గుతాయి. ప్లేటు పెట్టుకుని గట్టిగా చదివితే నాలుక త్వరగా అలవాటుపడుతుంది" అంది.

పళ్లు ఎలా కదులుతాయి?

పన్ను ఎముకలో నాటుకుని ఉంటుంది. తీగ మెల్లగా నెడితే ఒక పక్క ఎముక కరుగుతుంది. రెండో పక్క కొత్త ఎముక పుడుతుంది. అలా పన్ను జరుగుతుంది. నెలకు దాదాపు 1 మిల్లీమీటరు మాత్రమే జరుగుతుంది. వంగిన మొక్కకు కర్ర పాతి కడతాం. రోజూ కడుతూ, విప్పుతూ ఉంటే మొక్క నిటారుగా ఎదుగుతుందా? ప్లేటు సంగతీ అంతే. తీసి ఉంచితే పళ్లు మళ్లీ వెనకటి చోటికి పోతాయి. చాలా రోజులు తీసేస్తే ఆ ప్లేటు పట్టదు. మళ్లీ కొత్తది చేయించాలి.

ఇది ఒక్క బుజ్జి సంగతే కాదు. కొన్ని దేశాల్లో డాక్టర్లు ప్లేటులో చాలా చిన్న యంత్రం అమర్చి చూశారు. అది నోటి వేడిని బట్టి గంటలు లెక్కగడుతుంది. పిల్లలు చెప్పిన గంటల కంటే నిజంగా పెట్టుకున్న గంటలు తక్కువని తేలింది.

తల్లి చేసిన పని

ఆ రాత్రి తల్లి బుజ్జిని దగ్గర కూర్చోబెట్టుకుంది. "నేను రాత్రిబడికి పోయిన కొత్తలో ఒక్కో అక్షరం కూడబలుక్కునేదాన్ని. నువ్వే నవ్వావు, గుర్తుందా? నేను మానేశానా?" అంది.

బుజ్జి నవ్వింది. ప్లేటు పెట్టుకుంది. పుస్తకం తీసి గట్టిగా చదివింది. ఒక వాక్యం కూతురు, ఒక వాక్యం తల్లి. రోజూ అలాగే చదివారు.

తల్లి గోడ మీది క్యాలెండరులో గంటలు రాయడం మొదలుపెట్టింది. మొదటిరోజు బుజ్జి "తొమ్మిది" అంది. తల్లి 9 అని వేసింది. తిట్టలేదు. తిట్టకపోయేసరికి బుజ్జి నిజమే చెప్పసాగింది. అంకె రోజురోజుకీ పెరిగింది. తల్లి బడికి పోయి పంతులమ్మతోనూ మాట్లాడింది. పంతులమ్మ తరగతిలో ప్లేటు గురించి చెప్పింది. పిల్లలు నవ్వడం మానేశారు.

రెండు నెలల తర్వాత డాక్టరమ్మ చిన్న స్కేలుతో కొలిచింది. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య ఎడం 2 మిల్లీమీటర్లు తగ్గింది. తల్లి ఆ అంకెను కూడా క్యాలెండరులో రాసుకుంది.

గుర్తుంచుకోండి

1. ఎత్తుపళ్లు అన్నిటికీ ప్లేటు సరిపోదు. ఏది కావాలో పళ్ల డాక్టరు చూసి చెప్పాలి.
2. కొన్ని రకాల ప్లేట్లు తినేటప్పుడు కూడా ఉంచమంటారు. డాక్టరు చెప్పినట్టు చేయండి.
3. ప్లేటును బ్రష్‌తో, చన్నీళ్లతో కడగాలి. వేడినీళ్లు పోస్తే వంకరపోతుంది.
4. తీసినప్పుడు డబ్బాలో పెట్టాలి. కాగితంలో చుడితే చెత్తలో పోతుంది.
5. ఎత్తుపళ్లు కింద పడినప్పుడు త్వరగా విరుగుతాయి. కాబట్టి ఇది అందం కోసమే కాదు.
6. పళ్లు సర్దుకున్నాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు ప్లేటు మానకూడదు.

మాట్లాడుకోండి

బుజ్జి మొదట ఎందుకు అబద్ధం చెప్పింది? తల్లి కొట్టి ఉంటే ఏం జరిగేది? మీ ఇంట్లో పిల్లలు మందులు, కళ్లద్దాలు లాంటివి వద్దంటే మీరు ఏం చేస్తారు?