సీ పోర్టు: ఆకారం ఒకటే, వేగం వేరు
మా కాణిపాకంలో ప్రమాణం చేస్తే అబద్ధం నిలవదంటారు. కేబుల్ ఆకారాన్ని మాత్రం అలా నమ్మకండి.

బ్రహ్మోత్సవాల్లో మామ తీసిన వీడియోలు, 60 జీబీ, ఆయన ల్యాప్‌టాప్ నుంచి నా ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించుకోవాలి. తిరుపతి బస్సుకి ఇరవై నిమిషాలుంది. రెండు వైపులా యూఎస్‌బీ-సీనే, అయినా అరగంట చూపించింది. "ఏమిరా, ఇంగా కాలేదా?" అని మామ. బస్సు పోయింది.

తప్పు కేబుల్‌ది. అది ఫోన్ ఛార్జరుతో వచ్చింది. సీ అనేది ఆకారం పేరే, వేగం పేరు కాదు. ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటిది 2000 నాటి యూఎస్‌బీ 2.0 వేగమే: సెకనుకు 480 మెగాబిట్లు. ఎనిమిది బిట్లకొక బైటు కదా, లెక్కకి 60 మెగాబైట్లు. చేతికొచ్చేది 35, 40. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 వేగం 5 గిగాబిట్లు. మంచి ఎస్‌ఎస్‌డీ ఉంటే నా పని మూడు నిమిషాల్లో అయ్యేది. 2015లో థండర్‌బోల్ట్ 3 ఇదే సీ ఆకారంలో 40 గిగాబిట్లు తెచ్చింది. అయితే పోర్టు, కేబుల్, డిస్కు మూడూ ఆ వేగానివే కావాలి. ఒకటి కుంటితే మిగతావీ దాని నడకే.

కొనేటప్పుడు వాట్లు కాదు, జీబీపీఎస్ అంకె చూడండి. మామ కేబుల్ మీద 60 వాట్లని పెద్దక్షరాలతో ఉంది. వేగం ఊసే లేదు.