మీ సైకిలు మీ కొలతకు సరిపోయిందా?

చెప్పులు కొనేటప్పుడు కాలికి తొడిగి చూసుకుంటాం. ఒకరి కళ్లద్దాలు మరొకరు పెట్టుకోరు. కాని సైకిలు విషయానికి వచ్చేసరికి తండ్రి తొక్కినది కొడుకు, అన్న తొక్కినది తమ్ముడు, సీటు ఒక్క అంగుళమైనా కదపకుండా ఏళ్ల తరబడి తొక్కుతుంటారు. తరువాత మోకాలు నొప్పి అనీ, అరచేయి తిమ్మిరి అనీ, నడుము పట్టేసిందనీ ఆసుపత్రికి వస్తారు. కొందరు అదీ చేయక మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కొని నెలల తరబడి మింగుతారు. అలా మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఇంకొందరు "సైకిలు నాకు పడలేదు" అని పూర్తిగా మానేస్తారు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఇలా మానేయడం మరింత నష్టం. శరీరం బరువంతా మోకాళ్లమీద పడకుండా చేయగలిగిన మంచి వ్యాయామాల్లో సైకిలు తొక్కడం ఒకటి.

ఈ నొప్పుల్లో చాలావాటికి కారణం వయసు కాదు, జబ్బు కాదు. సైకిలు మీ శరీరానికి తగినట్టు అమర్చి లేకపోవడమే.

రెండు పాదాలూ నేలకు ఆనాలా?

మనలో ఎక్కువమంది పాటించే పద్ధతి ఇదే. సీటుమీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనాలి, అప్పుడే భద్రం అనుకుంటారు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇది మంచిదే. మోటారు సైకిలుకూ మంచిదే, దాన్ని మనం కాళ్లతో తొక్కం కదా! కాని రోజూ తొక్కే సైకిలుకు ఇలా పెడితే మోకాలికి ముప్పు.

ఎందుకో చూడండి. పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు కూడా నేలకు సుమారు 10 నుండి 12 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నేలమీద నిటారుగా ఆనిన కాలు పెడలు మీదికి వచ్చేసరికి ఆ మేరకు ముడుచుకుంటుంది. పెడలు పైకి తిరిగినప్పుడు పాదం ఇంకో 34 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అప్పుడు మోకాలు దాదాపు గుండెకు తగులుతుందా అన్నట్టు మడుస్తుంది. మోకాలు ఎంత ఎక్కువగా మడిచి బలంగా తొక్కితే, మోకాటి చిప్ప తొడ ఎముకమీద అంత గట్టిగా ఒత్తుకుంటుంది. నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పినా, అరగంటలో ఒక్కో మోకాలు 1800 సార్లు మడిచి చాపినట్టు లెక్క. ఒకసారి ఒత్తుకుంటే ఏమీ కాదు. రోజుకు 1800 సార్లు, ఏడాది పొడుగునా అంటే మాటలా? పేపరు వేసే అబ్బాయిలు, పాలు పోసేవారు అయితే బరువుతో సహా తొక్కుతారు.

సీటు మరీ ఎత్తుగా ఉన్నా చిక్కే. పెడలు అందుకోవడానికి పిరుదులు అటూ ఇటూ ఊగుతాయి, నడుము నొప్పి పుడుతుంది, మోకాలి వెనుక నరాలు పట్టేసినట్టు లాగుతాయి. స్థూలంగా ఒక గుర్తు పెట్టుకోండి. మోకాలికి ముందువైపు నొప్పి ఉంటే సీటు తక్కువ ఎత్తులో ఉందేమో చూడాలి. వెనుకవైపు అయితే ఎక్కువైందేమో చూడాలి.

ఇంట్లోనే సరిచూసుకునే పద్ధతి

రోజూ వేసుకునే చెప్పులో, బూట్లో వేసుకోండి. సైకిలును గోడకు ఆనించండి, లేదా ఇంట్లోవారిని పట్టుకోమనండి. సీటుమీద కూర్చొని ఒక పెడలును పూర్తిగా కిందికి దించి, దానిమీద మడమ పెట్టండి. ఆ స్థితిలో కాలు నిటారుగా చాపుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. మోకాలు వంగే ఉంటే సీటు పెంచండి. మడమ అందక ఒరిగితే తగ్గించండి. ఇక తొక్కేటప్పుడు మడమతో కాదు, కాలివేళ్ల మొదట్లో ఉండే వెడల్పాటి భాగంతో తొక్కాలి. అప్పుడు కింది పెడలు దగ్గర మోకాలు కొద్దిగా, అంటే సుమారు 25 నుండి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. మోకాలికి సుఖమైన వంపు అదే.

టేపుతో కొలుచుకోవాలనుకునేవారు చెప్పులు లేకుండా గోడకు ఆని నిలబడి, ఒక మందపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి ఆనేలా పట్టుకొని, దాని పై అంచు నుండి నేల దాకా కొలవండి. ఆ కొలతను 0.88తో గుణించండి. 80 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుండి సీటు పైభాగం వరకు సుమారు 70 సెంటీమీటర్లు ఉండాలి. ఈ లెక్క ఆరంభానికే. చివరి మాట మీ మోకాలిదే.

ఇన్నాళ్లూ తక్కువ సీటుకు అలవాటుపడినవారు ఒక్కరోజులో రెండు అంగుళాలు పెంచకండి. వారానికి ఒక సెంటీమీటరు చాలు. సీటు పైపును మరీ పైకి లాగడం ప్రమాదం. కనీసం రెండున్నర అంగుళాలైనా ఫ్రేములో ఉండాలి, కొన్నింటిమీద ఆ హద్దుకు గీత కూడా ఉంటుంది. ఎత్తు పెంచాక ఆగడం ఎలా అని భయపడేవారు ఉంటారు, ముఖ్యంగా పెద్దవారు. బ్రేకు వేస్తూ సీటుమీది నుండి ముందుకు దిగి నేలమీద కాలు పెట్టడం ఖాళీ స్థలంలో నాలుగు రోజులు సాధన చేయండి, వచ్చేస్తుంది. తూలు వచ్చేవారు, చూపు తగ్గినవారు మాత్రం సీటు కాస్త తక్కువలోనే ఉంచుకోవడం మేలు. పడి తుంటి విరగడం కంటే కొద్దిపాటి నొప్పి నయం కదా.

చేతులు, కూర్చునే చోటు

చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరి ఎక్కుతున్నాయా? ఆ రెండు వేళ్లకు వెళ్లే నరం అరచేతి మొదట్లో చర్మానికి దగ్గరగా ఉంటుంది. హ్యాండిలు మరీ కిందికో, దూరంగానో ఉంటే శరీర బరువు ఆ నరంమీద పడుతుంది. మామూలు ప్రయాణాలకు హ్యాండిలు సీటుతో సమానంగా, లేదా కొంచెం ఎత్తుగా ఉంటే మంచిది. మోచేతులు బిగబట్టకుండా కాస్త వదులుగా ఉంచండి. హ్యాండిలు ఎత్తు మార్చే పని మాత్రం మెకానిక్‌కే వదిలేయండి. సరిగా బిగియకపోతే దారిలో తిరిగిపోతుంది.

మరొకటి చాలామంది సిగ్గుపడి చెప్పరు. సీటు ముక్కు పైకి లేచి ఉంటే కాళ్ల మధ్య భాగంలోని నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోయి మొద్దుబారుతుంది. ఆడవారికైనా మగవారికైనా ఇది మంచిది కాదు. సీటు నేలకు సమతలంగా ఉండాలి. పలక పెట్టి చూస్తే తెలుస్తుంది. సరిచేసిన తరువాత కూడా మొద్దుబారడం తగ్గకపోతే సంకోచించకుండా వైద్యునికి చెప్పండి.

పిల్లల సైకిళ్లు

"ఎదిగే పిల్లాడు కదా" అని యూనిఫారం కొన్నట్టే పెద్ద సైకిలు కొంటాం. బాబు కడ్డీ కిందుగా కాలు దూర్చి, ఒళ్లంతా మెలితిప్పి తొక్కుతాడు. బ్రేకు వేళ్లకు అందదు. సైకిలును రెండు కాళ్ల మధ్య ఉంచుకొని నేలమీద నిలబడినప్పుడు కడ్డీకి, శరీరానికి మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ అయినా ఉండాలి. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో 9వ తరగతి బాలికలకు సైకిళ్లు ఇచ్చింది. తరగతి ఒకటే అయినా ఆ వయసు పిల్లల ఎత్తు ఒకటి కాదు. సైకిలు ఎలా వచ్చినా, సీటు సరిచేయడం మన చేతిలో పని. ఎదిగే వయసులో ఆరు నెలలకోసారి చూడండి.

నిపుణుల చేత అమర్పు

హైదరాబాదు వంటి నగరాల్లో ఖరీదైన సైకిళ్లు అమ్మే కొన్ని షాపుల్లో దీనికి శిక్షణ పొందినవారు ఉన్నారు. పాత దెబ్బలు అడుగుతారు, నడుము, తొడ కండరాలు ఎంతవరకు సాగుతాయో చూస్తారు, సైకిలును స్టాండుకు బిగించి కాసేపు తొక్కించి మోకాలి కోణాన్ని కొలుస్తారు. దీనికి డబ్బు బాగానే అవుతుంది. బజారుకు వెళ్లివచ్చే సైకిలుకు ఇది అక్కరలేదని మా అభిప్రాయం. రోజుకు గంటల తరబడి తొక్కేవారికి, ఒక కాలు పొట్టిగా ఉన్నవారికి, తొడ ఎముకో మోకాలో విరిగి అతికినవారికి మాత్రం ఆ ఖర్చు వృథా కాదు. మిగిలినవారికి వీధి చివర సైకిలు షాపు, ఒక పానా, పది నిమిషాలు చాలు. పనిలో పనిగా టైర్లలో గాలి పట్టించి, చైనుకు నూనె వేయించండి. గాలి లేని సైకిలు తొక్కినా ఆ భారం మోకాలిదే.

సీటు సరిచేసి రెండు మూడు వారాలైనా నొప్పి తగ్గకపోయినా, మోకాలు వాచినా, మడిచిన కాలు బిగుసుకుపోయి చాపలేకపోయినా, రాత్రి నిద్రలో నొప్పితో మెలకువ వస్తున్నా, అది సీటు వల్ల వచ్చినది కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి. జ్వరంతో కీలు వాచితే అదే రోజు రావాలి. ఫిజియోథెరపీ విభాగానికి వచ్చేవారు వీలైతే సైకిలుమీద కూర్చొని పక్కనుంచి తీయించుకున్న ఫోటో, రోజూ వేసుకునే చెప్పులు వెంట తెచ్చుకోండి.