షెల్టరు నుండి కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకునే కుటుంబాలకు



“సిస్టర్, పిల్లలు కుక్కపిల్ల కావాలని అన్నం మానేసి కూర్చున్నారు. షెల్టరులో ఊరికే ఇస్తారట కదా, తెచ్చుకుంటే రోగాలేమైనా అంటుకుంటాయా?” అని మన ఓ.పి.లో తల్లులు అడుగుతూ ఉంటారు. అదే వరుసలో కాలికి గుడ్డ చుట్టుకొని కుక్కకాటు ఇంజెక్షను కోసం వచ్చినవారూ కూర్చొని ఉంటారు. ఈ రెండు సంగతులు వేరువేరు కావు. కుక్కను ఎక్కడ నుండి తెచ్చాము, ఏ కాగితాలతో తెచ్చాము, మొదటి కొద్ది వారాలు ఎలా చూసుకున్నాము అన్నదాని మీద ఇంటిల్లిపాది ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది.

తెచ్చుకోవచ్చు. సందులో దొరికిందని జాలిపడి ఎత్తుకొచ్చిన పిల్ల కంటే, వేలు పోసి కొన్న జాతి పిల్ల కంటే, షెల్టరు నుండి టీకా కార్డుతో వచ్చిన కుక్కే కుటుంబానికి మేలని నా అభిప్రాయం. అయితే షెల్టరు అంటే ఏమిటో ముందు తెలిసి ఉండాలి.

షెల్టరులో జరిగే పని

మన హైదరాబాదులో ఈ పని రెండు చేతుల మీదుగా నడుస్తుంది. ఒకటి నగరపాలక సంస్థ వెటర్నరీ విభాగం, దాని జంతు సంరక్షణ కేంద్రాలు. రెండవది స్వచ్ఛంద సంస్థలు. వీటిలో ఎక్కువమందికి తెలిసినది జూబ్లీహిల్స్‌లోని బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్. అక్కినేని అమల, నాగార్జున దంపతులు 1992లో దానిని ప్రారంభించారు. మద్రాసులో 1959లోనే మొదలైన బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా వేరే సంస్థ. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

ఫోను చేస్తే వీధికుక్కలన్నిటినీ పట్టుకుపోయి షెల్టరులో ఉంచేస్తారని మనవాళ్లు అనుకుంటారు. అలా చేయరు. 2001లో వచ్చిన, 2023లో కొత్తగా రాసిన కుక్కల సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కను పట్టి, కు.ని. ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి అంచు కొద్దిగా కత్తిరించి, పట్టిన చోటనే వదలాలి. ఇదేమి పద్ధతి అని కోపగించుకునేవారు ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయినప్పుడు ఆ కోపం అందరిలోనూ కనబడింది. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ నిబంధనా జవాబు కాదు. కానీ ఆ పద్ధతికి ఒక కారణం ఉంది. ఒక సందులోని కుక్కలను ఖాళీ చేస్తే, అక్కడి చెత్తకుప్ప కోసం పక్క సందు కుక్కలు వస్తాయి. వాటికి ఆపరేషనూ ఉండదు, టీకా ఉండదు. టీకా వేసిన కుక్కలు ఎక్కువగా ఉన్న వీధిలో రేబిస్ పాకదు.

2025లో ఈ విషయం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని ఆగస్టు 11న ఇచ్చిన ఉత్తర్వును కోర్టు ఆగస్టు 22న సవరించింది. రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానమున్నవి, మీద పడి కరిచేవి తప్ప మిగిలినవాటిని టీకా వేసి తిరిగి వదలమన్నది. ఎవరైనా వీధికుక్కను దత్తత తీసుకోదలిస్తే మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, ఆ కుక్క మళ్లీ వీధికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేననీ అందులోనే ఉంది. అదే సంవత్సరం నవంబరు 7న ఆసుపత్రులు, బడులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను పట్టి షెల్టర్లకు తరలించాలనీ, తిరిగి అక్కడ వదలకూడదనీ ఆదేశించింది.

మరి దత్తతకు ఇచ్చేవి ఏవి? తల్లి బండి కింద పడి చనిపోగా మిగిలిన పిల్లలు, గాయపడి వచ్చి కోలుకున్నవి, మూడు కాళ్లవి, ఒక కన్ను పోయినవి. ఇక మనసు చివుక్కుమనిపించేవి, ఇళ్లలో పెంచి వదిలేసిన జాతి కుక్కలు. 2003లో హచ్ ఫోను ప్రకటనలో బాబు వెంట నడిచిన బుల్లి కుక్కను చూసి అందరికీ పగ్ కావాల్సి వచ్చింది. ఆ చప్పిడి ముక్కుతో అది మన మే నెల ఎండలో ఊపిరి తీయడానికి ఎంత అవస్థ పడుతుందో కొన్న తరువాత తెలిసింది. మన వీధుల్లో పుట్టిన దేశవాళీ కుక్కకు ఆ బాధ లేదు. జి.హెచ్.ఎం.సి. 2025 ఆగస్టు 17న బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. నట్టల మందు పట్టించి, టీకాలు వేసిన పిల్లలను ఉచితంగా ఇచ్చే ఏర్పాటు అది.

అడిగి తీసుకోవలసినవి

షెల్టరువారు మీ గుర్తింపు కార్డు, చిరునామా అడుగుతారు. అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా, పగలు ఎవరుంటారు అని ప్రశ్నలు వేస్తారు. కొందరు ఇంటికి వచ్చి చూస్తారు. దీనిని అవమానంగా భావించకండి. ప్రశ్నలు వేయకుండా చేతిలో పెట్టి పంపే చోటునే నేను అనుమానిస్తాను.

మీరు కూడా అడగాలి. టీకా కార్డు లేకుండా కదలవద్దు. రేబిస్ టీకా కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక వేస్తారు. ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన తేదీకి మరొకటి, పిమ్మట ఏటా ఒకటి. కనుక రెండు నెలల పిల్లను తెచ్చుకుంటే దానికి ఇంకా రేబిస్ రక్షణ లేదని అర్థం. పార్వో, డిస్టెంపర్ వంటి వాటికి వేసే టీకాలు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి. అవి కుక్కను కాపాడేవి, మనకు సంబంధించినవి కావు. కొందరు ఆ కార్డు చూపించి “మా కుక్కకు అన్ని టీకాలూ అయ్యాయి” అంటారు. రేబిస్ అని విడిగా రాసి, తేదీ, డాక్టరు సంతకం ఉంటేనే అయినట్టు. వీధికుక్క చెవి కత్తిరించి ఉన్నా ఇదే మాట. అది ఆపరేషను గుర్తు మాత్రమే, ఈ సంవత్సరం టీకా పడిందనడానికి రుజువు కాదు.

నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది. ప్రతి ఏటా జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల ఫ్రెంచి బాలుడికి మొట్టమొదటిసారిగా ఈ టీకా వేశాడు. ఆ బాలుడు బ్రతికాడు.

ఇంటికి వచ్చాక మొదటి పదిహేను రోజులు

షెల్టరులో ఆరోగ్యంగా కనిపించిన పిల్ల ఇంటికొచ్చిన వారానికి జబ్బు పడవచ్చు. ముందే శరీరంలో ఉన్న క్రిమి అప్పుడు బయట పడుతుంది. నెత్తుటి విరేచనాలు, వాంతులు అయితే ఆ రోజే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. రేపు చూద్దామనుకుంటే ఆలస్యమవుతుంది.

మనుషులకు అంటేవి కొన్ని ఉన్నాయి, కానీ భయపడవలసినంత లేవు. కుక్కపిల్ల కడుపులోని నట్టల గుడ్లు మలంతో మట్టిలో పడి, ఆ మట్టిలో ఆడుకునే పసిపిల్లల నోట్లోకి పోతాయి. నట్టల మందు తేదీలు తప్పకుండా పట్టించడం, మలాన్ని వెంటనే ఎత్తివేయడం, పిల్లలు అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగడం, ఈ మూడే దీనికి మందు. పిడుదులు ఉన్నాయేమో చెవుల వెనుక, వేళ్ల మధ్య చూడండి. వాటిని గోళ్లతో చిదమకండి. తామర, గజ్జి కనబడితే కుక్కకూ మనిషికీ కలిపి వైద్యం చేయించాలి. ఒకరికే చేయిస్తే మళ్లీ వస్తుంది.

గర్భవతి ఉన్న ఇంట్లో పిల్లిని వెళ్లగొట్టమని అత్తగార్లు పట్టుబడుతుంటారు. అవసరం లేదు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండవచ్చు. అది బయటికొచ్చాక ఒక రోజు గడిస్తే గానీ అంటే స్థితికి రాదు. కనుక పిల్లి తొట్టెను రోజూ శుభ్రం చేయాలి, ఆ పని గర్భిణి కాక ఇంట్లో మరొకరు చేయాలి. సరిగా ఉడకని మాంసం వల్ల కూడా అదే క్రిమి వస్తుందన్న సంగతి ఎవరూ తలచుకోరు. క్యాన్సరు మందులు, డయాలిసిస్, స్టెరాయిడ్లు నడుస్తున్నవారు ఉన్న ఇల్లయితే ముందు వారి డాక్టరును అడిగి తెచ్చుకోండి. ఆయాసం ఉన్న బిడ్డను షెల్టరుకు తీసుకువెళ్లి కుక్క దగ్గర కొంతసేపు కూర్చోబెట్టి చూడడం మంచిది.

“మా కుక్కే కదా సిస్టర్”

అన్నిటికంటే నన్ను భయపెట్టే మాట ఇది. వీధికుక్క కరిస్తే పరుగున వస్తారు. ఇంటి కుక్క పన్ను గీరితే పసుపు అద్ది ఊరుకుంటారు. ముఖ్యంగా చిన్న పిల్ల, ఆటలో కొరికింది, దానికేం తెలుసు అంటారు. రేబిస్ కుక్కపిల్లకు కూడా వస్తుంది. తెచ్చి నెల కాలేదు, టీకా వయసు రాలేదు, తల్లి ఎవరో తెలియదు. అలాంటి పిల్ల కొరికితే వీధికుక్క కొరికినట్లే లెక్క.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారు. మనుషులకు ఈ వ్యాధి నూటికి తొంభైతొమ్మిది సార్లు కుక్క ద్వారానే వస్తుంది. అనుమానపు జంతువులు కరిచినవారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్లలోపు పిల్లలు. లక్షణాలు సాధారణంగా ఒకటి నుండి మూడు నెలల్లో బయటపడతాయి. నీళ్లు చూస్తే గొంతు పట్టేయడం మొదలయ్యాక చేయగలిగినది దాదాపు ఏమీ ఉండదు. ఫీవర్ ఆసుపత్రిలో అటువంటి రోగి మంచం పక్కన నిలబడిన నర్సు ఎవరూ ఆ చూపును మరువలేరు.

కుక్క కాటుకు చెప్పు దెబ్బ అని సామెత. మా దగ్గర కుక్క కాటుకు సబ్బు నీళ్లు. కుళాయి తిప్పి, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగండి. మామూలు బట్టల సబ్బయినా సరే. కారం, సున్నం, కాఫీపొడి, పసరు ఏదీ పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. అక్కడి నుండి నేరుగా ఆసుపత్రికి రండి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అన్న భయం ఇంకా పోలేదు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివరలో నిలిచిపోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు; కండకు వేస్తే 14వ రోజున మరొకటి కలిపి అయిదు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యూనోగ్లోబులిన్ అనే మరో మందును గాయంలోనే ఎక్కిస్తారు. కొంచెం నొప్పి పుడుతుంది, అయినా వద్దనకండి. టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ రోజుల్లో మిమ్మల్ని కాపాడేది ఇదే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా టీకా వేయించుకోవచ్చు. పథ్యం ఏమీ లేదు, మాంసం తినవచ్చు.

కుక్కను పది రోజులు గమనించమని మేము చెబుతాము. పది రోజులు చూసి తరువాత వస్తాము అని దాని అర్థం కాదు. టీకా మొదలుపెట్టి గమనించాలి. పది రోజులకూ కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదుల సంగతి డాక్టరు చెబుతారు. కరిచిందన్న కోపంతో కుక్కను తరిమేస్తే ఈ అవకాశం పోతుంది. కట్టివేసి, నీళ్లు, తిండి పెట్టి, దాని పోకడ చూడండి. తిండి మానినా, గొంతు మారినా, చొంగ కార్చినా పశువైద్యునికి, మాకు వెంటనే కబురు చేయండి.

ఇవన్నీ చదివి, మా ఇంట్లో కుదరదు అనిపిస్తే తెచ్చుకోకపోవడంలో తప్పు లేదు. కుక్క పది పన్నెండేళ్లు బ్రతుకుతుంది. పదో తరగతి పిల్లవాడు మారాం చేశాడని తెస్తే, వాడు ఇంజనీరింగు హాస్టలుకు పోయాక దానిని తిప్పేది మోకాళ్ల నొప్పుల అమ్మమ్మే. ఆమె పట్టలేక పడి తుంటి ఎముక విరిగితే మళ్లీ మా వార్డుకే రావాలి. పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇంటికి గంతులేసే పిల్ల కంటే, షెల్టరులో ఎవరూ అడగని అయిదారేళ్ల నిదానమైన కుక్క బాగుంటుంది. తెచ్చుకున్నాక కుదరకపోతే ఇచ్చిన షెల్టరుకే తిరిగి అప్పగించండి. రాత్రివేళ రింగురోడ్డు మీద వదిలి రావద్దు. ఇంటి తిండికి అలవాటుపడిన కుక్క అక్కడ ఆకలికి, భయానికి కరిచే కుక్క అవుతుంది.

కుక్కను తెచ్చుకున్నవారు నగరపాలక సంస్థ వద్ద లైసెన్సు తీసుకోవాలి, దానికి రేబిస్ టీకా సర్టిఫికెట్టు అవసరం. ఆ సర్టిఫికెట్టు నకలు ఒకటి పిల్లల టీకా కార్డులతో పాటు ఒకే కవరులో ఉంచండి. ఎవరినైనా కుక్క కరిచి వచ్చినప్పుడు ఆ కవరుతో పాటు, ఇంతకు ముందు కుక్కకాటు టీకాలు వేయించుకున్న చీటీ ఉంటే అది కూడా తీసుకురండి. పూర్తి కోర్సు అయినవారికి రెండు ఇంజెక్షన్లే సరిపోతాయి. చీటీ లేకపోతే మళ్లీ మొదటి నుండి వేయవలసి వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో, నారాయణగూడ ఐ.పి.ఎం.లో కూడా వేస్తారు. ఆదివారమైనా, పండుగైనా మన క్యాజువాల్టీకి రావచ్చు, మర్నాటి ఓ.పి. కోసం ఆగవద్దు.

— నర్సింగ్ సూపరింటెండెంట్