మాదాపూర్‌లో హస్కీ బొచ్చు

చిరంజీవి చిన్నికి,

సోఫా మీద, ల్యాప్‌టాప్ కీల సందుల్లో, చివరికి పప్పుగిన్నెలో కూడా నీ హస్కీ స్నోయి బొచ్చే కనబడుతోందని రాశావు. ఎండలు ముదరకముందే గుండు కొట్టించేస్తే దానికీ చల్లగా ఉంటుంది కదా అని అడిగావు. వద్దు తల్లీ. అన్నిటికన్నా ముందు ఈ మాట విను.

హస్కీకి రెండు పొరల బొచ్చు. పైన పొడవైన గట్టి వెంట్రుకలు, కింద దూదిలాంటి నూగు. సైబీరియా ఈశాన్య కొసన చుక్చీ ప్రజలు మంచు మీద స్లెడ్జి బళ్లు లాగించడానికి పెంచుకున్న జాతి అది. మీ ఇంట్లో ఎగిరేది ఎక్కువగా ఆ లోపలి నూగే. పై వెంట్రుకలు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తాయి. మిషన్ పెట్టి గొరిగితే రెండూ పోతాయి. మళ్లీ వచ్చేటప్పుడు నూగు ముందొస్తుంది, పై వెంట్రుకలు నెలల తరబడి ఆలస్యం చేస్తాయి, కొన్ని కుక్కలకు అక్కడక్కడా అసలే రావు. పైగా కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, నాలుక చాపి వగర్చి చల్లబడుతుంది. చల్లదనం కావాలంటే పొద్దున ఏడులోపే నడక ముగించు. సాయంత్రం రోడ్డు మీద అరచేయి ఆన్చి చూడు, నీ చేయి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

ఏడాదంతా ఎందుకు రాలుతోందంటావా, కాలం మారిందని దాని ఒంటికి తెలిపేది ముఖ్యంగా పగటి నిడివి. చుక్చీల దేశంలో వేసవికీ చలికాలానికీ పగటి తేడా విపరీతం, అందుకే అక్కడ ఏడాదికి ఒకటి రెండుసార్లు కుప్పలుగా రాల్చి ఊరుకుంటుంది. హైదరాబాదులో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు సుమారు 13. ఆ కాస్త తేడా కూడా తెలియకుండా నువ్వు అమెరికా వేళలకు పనిచేస్తూ అర్ధరాత్రి దాటేదాకా లైట్లు వెలిగిస్తావు, ఏసీ సరేసరి. ఏ కాలమో తేలక అది రోజూ కొంత రాలుస్తూనే ఉంటుంది. దీన్ని ఆపే మందు లేదు. రాలబోయేదాన్ని నేల మీద పడకముందే దువ్వెనలోకి తీసుకోవడమే మన చేతిలో ఉన్న పని.

దువ్వడమంటే పైపైన నిమరడం కాదు. ఎడమచేత్తో బొచ్చును పైకెత్తి పట్టుకుని, చర్మం కనిపించేలా పాయ తీసి, కింది వరసనుంచి పైకి ఒక్కో వరసా దువ్వుతూ రావాలి. ముందు స్లికర్ బ్రష్, తర్వాత అండర్‌కోట్ రేక్. చెవుల వెనక, పట్టీ కింద, తొడల వెనక, తోక మొదట్లో ఉండలు కడతాయి, అక్కడ ఓపిక పట్టు. బ్లేడున్న పనిముట్టుతో పది నిమిషాలు మించకు, అది పై వెంట్రుకల్నీ కోస్తుంది, చర్మాన్నీ గీరుతుంది. బాగా రాలే నెలల్లో రోజూ, మిగతా రోజుల్లో వారానికి రెండుమూడు సార్లు. బాల్కనీలో మాత్రం వద్దు, కింది ఫ్లాటువాళ్లు ఆరేసిన బట్టల మీద పడుతుంది.

స్నానానికి ముందే దువ్వు, తడిసిన ఉండ బిగుసుకుపోతుంది. మన షాంపూ దాని చర్మానికి సరిపడదు, కుక్కల షాంపూయే వాడు. తర్వాత వేళ్లు దూర్చి చూసి, మొదళ్ల దాకా ఆరిందని తేలేవరకూ చల్లగాలి బ్లోయర్ పట్టు. వానాకాలంలో లోపలి నూగు తడిగా ఉండిపోయి పుండ్లు పడ్డ కుక్కల్ని నా వెటర్నరీ సర్వీసులో చాలా చూశాను.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది నీ ఉత్తరం చివర్లో రాసిన మాట. రెండుపూటలా పెరుగన్నం, అప్పుడప్పుడు చపాతీ అన్నావు. వెంట్రుకంటేనే మాంసకృత్తు తల్లీ. అది తిండిలో లేకపోతే ఎంత దువ్వినా నిగారింపు రాదు. హస్కీలకు ఇంకో చిక్కుంది. కొన్నిటికి పుట్టుకతోనే తిండిలోని జింకు సరిగా ఒంటబట్టదు. గింజధాన్యాల్లో ఉండే ఫైటేట్లు, మోతాదు మించిన కాల్షియం ఆ కాస్త జింకునూ పట్టేస్తాయి. కళ్ల చుట్టూ, మూతి చుట్టూ పొక్కులు కట్టి బొచ్చు ఊడుతోందేమో ఇవాళే చూడు. ఉంటే జింకు బిళ్లలు నీ అంతట నువ్వు వేయకు, ఎక్కువైతే విషం. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు మొదలుపెట్టు, ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకు. ఇంటి వంటతో అన్నీ అమరడం కష్టం కాబట్టి సమతూకమున్న డాగ్ ఫుడ్ ఏదో డాక్టరునే అడుగు. చేపనూనె మోతాదు కూడా వాళ్లే చెప్పాలి, దాని ఫలితం కనిపించడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది.

ఒళ్లంతా సమానంగా పలచబడితే కంగారు లేదు. చర్మం బయటపడేలా మచ్చలు మచ్చలుగా ఊడితే, ఎర్రబడితే, వాసనొస్తే, అదేపనిగా గోక్కుంటే గజ్జో తామరో కావచ్చు. దురద లేకుండా రెండు పక్కలా ఒకే తీరుగా ఊడి, ఒళ్లు చేసి, మందకొడిగా ఉంటే థైరాయిడ్ రక్తపరీక్ష కావాలి. దువ్వేటప్పుడు వేళ్ల సందుల్లో, చెవుల్లో గోమార్లు వెతుకు, వాటితో వచ్చే జ్వరం మన ఊళ్లలో కుక్కల ప్రాణం తీస్తుంది.

వీటిలో ఏది కనబడినా రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లు, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా నీకు దగ్గరే. వెళ్లేముందు రెండు రోజులు స్నానం చేయించకు, పొక్కుల మీద నూనె, పసుపు పూయకు. చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూసేటప్పుడు అవి అడ్డొస్తాయి. ఏం తింటోందో, ఎప్పటినుంచి ఊడుతోందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు. వాళ్లేం చెప్పారో ఆ రాత్రి ఫోన్ చేసి చెప్పు, మేలుకునే ఉంటాను.

మీ బాబాయి