ఫోను ఎవరి వంతు?

పవర్‌పేట, ఏలూరు
2026 జులై 12, ఆదివారం

చిరంజీవి నానికి,



నువ్వు పంపిన వాయిస్ మెసేజీ మూడుసార్లు విన్నాను. నాలుగు నిమిషాల్లో "స్మార్ట్" అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. "ఆకు" అన్న మాట ఒక్కసారీ రాలేదు. బాటనీ లెక్చరరువిరా నువ్వు! పోనీలే, కొత్త ఉద్యోగం, కొత్త ఉత్సాహం అనుకున్నాను. కానీ మొన్న ప్యాసింజరులో నువ్వుండే తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన నా పాత స్టూడెంటు ఒకావిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మరీ చెప్పింది: "మేడమ్, మీ మేనల్లుడు గారు క్లాసులో పుస్తకాలు మూసెయ్యమంటున్నారట, అందరూ ఫోనులో పీడీఎఫ్ తెరవాలట, ఫోను తేని వాడికి ఆ రోజు హాజరు వెయ్యరట." మొదటి రెండూ విని నవ్వాను. మూడోది విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

పుకారే అయ్యుండొచ్చు. గూడెంలో బయల్దేరిన మాటకి భీమడోలులో ఒక తోక, దెందులూరులో ఇంకో తోక మొలవడం నాకు తెలియనిది కాదు. అయినా రాస్తున్నాను. ఇది ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం నాకూ వచ్చు. కావాలనే పోస్టులో వేస్తున్నాను, నువ్వు కూర్చుని చదవాలని.

అత్తయ్యకి ఫోనంటే గిట్టదు అనుకోకు. 2011 అక్టోబరులో ఢిల్లీలో ఆకాశ్ అని ఏడంగుళాల పలక విడుదల చేశారని పేపర్లో పడితే, స్టాఫ్ రూములో అందరికంటే ముందు సంబరపడింది నేనే. రిటైరయ్యే లోపు అది నా చేతికి రాలేదు, అది వేరే సంగతి. ఇవాళ్టికీ పొద్దున కాఫీ తాగుతూ ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పాత పుస్తకాలు తిరగేస్తూనే ఉంటాను. నా గొడవంతా బొమ్మ గురించి.

బొమ్మ అంటే నవ్వకు. 2020లో లాక్‌డౌను పెట్టి కాలేజీలు మూసేశాక, మా పక్కింట్లో దిగిన కొల్లేరు లంకల పిల్ల ఒకతి సిగ్నల్ కోసం మన వరండాలో కూర్చుని క్లాసులు వినేది. బీఎస్సీ మొదటి సంవత్సరం. ద్విదళబీజ కాండం అడ్డుకోత బొమ్మ గియ్యవే అంటే, ఫోను చూస్తూ గీసింది. ఏం గీసిందో తెలుసా? రికార్డు పుస్తకం పేజీ నిండా ఒక్కటే నాళికాపుంజం! గుమ్మడికాయంత! మిగతావి ఏవే అంటే, "ఇంతే కనబడుతోంది టీచర్" అంది. పాపం, నిజమే. చిన్నగా ఉంటే పేర్లు కనబడవు, రెండు వేళ్ళతో సాగదీస్తే మిగతా బొమ్మ తెర అవతలికి పోతుంది. పేర్ల గీతలన్నీ గాల్లో వేలాడుతున్నాయి, ఎందుకంటే ఆ పేర్లు తెర అంచు దాటిపోయాయి. ఆ పాఠంలో ఉన్నదంతా ఏమిట్రా? ద్విదళబీజంలో పుంజాలు వలయంగా ఉంటాయి, ఏకదళబీజంలో చెల్లాచెదురుగా ఉంటాయి, అంతే కదా! సాగదీస్తే పుంజం దక్కుతుంది, వలయం పోతుంది. వలయం పోయాక పాఠం ఎక్కడుంది?

కాబట్టి నా మొదటి మాట: పీడీఎఫ్ పంపు, వీడియో పంపు, కానీ బొమ్మ మాత్రం బోర్డు మీద నువ్వు గియ్యి. ముందు బయటి గీత, తరువాత లోపలిది, ఒక్కొక్క గీతా వాళ్ళ కళ్ళ ముందు పుట్టాలి. వాళ్ళ చేత కాగితం మీద గీయించు. బోర్డుని ఫోటో తీసుకుని పోనివ్వకు. హెచ్‌బీ పెన్సిలు. షేడింగు వద్దు, చుక్కలు పెట్టమను. పెన్సిలు చెక్కడం రాని వాడికి చెక్కడం కూడా నేర్పు, నామోషీ ఏం లేదు. నా సర్వీసంతా జేబులో, అదే, హ్యాండుబ్యాగులో, చెక్కిన పెన్సిళ్ళు ఆరు ఉండేవి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఒకాయన వాటిని చూసి "ఇవెందుకమ్మా" అని నవ్వితే, ఆయన చేతికే ఒకటిచ్చి గడ్డి వేరు అడ్డుకోత గియ్యమన్నాను. ఆయన మళ్ళీ మా డిపార్ట్‌మెంటు వైపు రాలేదు.

సరే, కోప్పడుతున్నానని అనుకుంటావు. అన్నం వేళకి తింటున్నావా? మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటోందని మీ అమ్మతో చెప్పి, నాతో చెప్పకపోవడమేమిటి? ఈసారి బస్సులో ఎవరైనా వస్తుంటే కందిపొడి పంపిస్తాను.

బొమ్మ మీద నాకింత పట్టింపు ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను. 1972లో లంక నుంచి పడవెక్కి నేను ఏలూరు కాలేజీకి వచ్చిన కథ మీ నాన్న నీకు నూరుసార్లు చెప్పుంటాడు, అది వదిలెయ్. హాస్టల్లో మా నలుగురికీ కలిపి ఎ.సి. దత్తా బాటనీ పుస్తకం ఒక్కటే. వంతులు వేసుకున్నాం. నా వంతు రాత్రి పదకొండు నుంచి రెండు దాకా. పదిన్నరకే లైట్లు తీసేసేవారు, వరండాలో గుడ్డి బల్బు ఒక్కటి మిగిలేది. మొదటి వారం పాఠం కాపీ చేసుకుంటూ కూర్చున్నాను, మూడు పేజీలు కూడా కాలేదు. అప్పుడు తెలిసొచ్చింది: పాఠమైతే పగలు మిగతా ముగ్గురినీ అడిగి చెప్పించుకోవచ్చు, బొమ్మ ఎవరూ నోటితో చెప్పలేరు. ఆ రోజు నుంచి నా వంతంతా బొమ్మలకే. డిగ్రీ అయ్యేసరికి ఆ పుస్తకంలో బొమ్మలన్నీ నా దగ్గరున్నాయి. పుస్తకం ఎవరి దగ్గరుందో మాత్రం ఇప్పటికీ తెలీదు. నలుగురం ఒకళ్ళ మీద ఒకళ్ళం చెప్పుకుంటాం.

ఇప్పుడు నీ క్లాసుకి వస్తాను. ఆగడాలలంక నుంచో, ఆ చుట్టుపక్కల నుంచో ఆటోలో భీమడోలు వచ్చి, అక్కడ బండెక్కి గూడెం చేరే పిల్లలు నీ క్లాసులో ఎంతమంది? వాళ్ళింట్లో ఫోను ఎవరిదో ఎప్పుడైనా అడిగావా? ఆ పిల్లదనుకుంటున్నావు. ఇంటిదిరా అది. చేపల చెరువు కాపలాకి వెళ్ళే నాన్న దగ్గర రాత్రంతా ఉంటుంది, టార్చిలైటు కూడా అదే. మబ్బు పట్టిన తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే బొచ్చె, శీలావతి పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు యజమానికి ఫోను చెయ్యడం అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఏమవుతుందో మన ఇంట్లో పుట్టిన వాడివి, నీకు వేరే చెప్పాలా? (ఆక్సిజన్ తెల్లవారుజామునే ఎందుకు పడిపోతుందని నీ పిల్లల్ని అడుగు. రాత్రి ఎండ లేదు, నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకోవడమే తప్ప వదిలేది లేదు. ఈ ఒక్క ప్రశ్నలో నీ సిలబస్ ఒక యూనిట్ అయిపోతుంది, పీడీఎఫ్ అక్కర్లేదు.) పొద్దున పట్టుబడి ఉంటే లారీ వాళ్ళతో, ఐసు వాళ్ళతో మాట్లాడేదీ ఆ ఫోనే. ఆ పిల్లకి వంతు వచ్చేది సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది. అందులో తమ్ముడి వాటా కొంత. అలాంటి పిల్ల పొద్దున పదింటికి నీ ముందు ఖాళీ చేతులతో నిలబడితే నువ్వు హాజరు వెయ్యవా?

వేస్తావనే అనుకుంటున్నాను. కాదంటే మాత్రం ఈ ఉత్తరం ఇక్కడే ఆపి, బండెక్కి వచ్చి నీ క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటాను.

మన సంగతే చూడు, 2006లో కొల్లేరులో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడు నువ్వు ఏడేళ్ళ వాడివి. నీ పలక పగిలితే కొనడానికి మూడు వారాలు పట్టింది. గుర్తుందో లేదో.

ఫోను వద్దని చెప్పడం లేదు. డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అని 2021లో ప్రభుత్వం అన్నాక, తెలుగులో ఇంటర్ చదివిన పిల్లకి మాట మాటకీ అర్థం చూసుకునే దిక్కు అదే. నువ్వు చెప్పిన పాఠం రికార్డు చేసిపెడితే, తన వంతులో రెండోసారి వింటుంది, మా కాలంలో ఆ సుఖం లేదు. ప్రాక్టికల్లో మైక్రోస్కోపు ఐపీసు మీద ఫోను కెమెరా పెట్టి ఫోటో తీస్తే ఇరవై మందీ ఒకేసారి చూస్తారు. నా రోజుల్లో ఒక్కొక్కరూ వంగి, ఒక కన్ను మూసి, "కనబడింది మేడమ్" అని అబద్ధం చెప్పి వెళ్ళిపోయేవారు. కాలేజీకి ఎన్-లిస్ట్ ఈ-పుస్తకాల చందా ఉంటే లైబ్రేరియన్‌ని పట్టుకుని పిల్లలకి పాస్‌వర్డులు ఇప్పించు, వాటిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టు దాస్తారు. పీడీఎఫ్ పంపేటప్పుడు నలభై పేజీలు ఒక్కసారి పంపకు, రేపటి మూడు పేజీలు పంపు. సైజు చూడు. రెండు మూడు సెట్లు ప్రింటు తీయించి లైబ్రరీలో ఉంచు. జిరాక్సు ఖర్చు నేనిస్తాను, పెన్షన్ వస్తోంది, సంకోచపడకు.

ఇంకొకటి. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రభుత్వం ట్యాబులిచ్చింది, బైజూస్ పాఠాలు నింపి. నెట్ లేకపోయినా నడిచేలా చేశారు, అది మంచి ఆలోచనే, ఎవరిది వాళ్ళకే కాబట్టి వంతుల గొడవ లేదు. ఆ పాఠాలు చేసిన కంపెనీ 2024లో దివాలా కేసులో పడింది. ఆ ట్యాబులు పట్టుకున్న పిల్లలే వచ్చే ఏడు డిగ్రీకి వస్తారు, కొందరు నీ దగ్గరికే. వాళ్ళని కదిపి చూడు, ఎంతమంది దగ్గర అది ఇంకా వెలుగుతోందో, అందులో ఏ పాఠం గుర్తుందో. నాకు రాయి. నిజంగా తెలుసుకోవాలనుంది, దెప్పడానికి కాదు.

ఎంత చేసినా చివరికి నన్నయ యూనివర్సిటీ పరీక్ష హాల్లోకి వెళ్ళేటప్పుడు ఫోను బయట పెట్టి, పెన్ను, పెన్సిలు పట్టుకునే కదా వెళ్ళేది? అదిగో, మళ్ళీ పెన్సిలు దగ్గరికే వచ్చాను. ఉండనీ.

నీ కళ్ళద్దాల నంబరు పెరిగిందని మీ అమ్మ చెప్పింది. రాత్రి పన్నెండు దాకా ఆ వెలుగులో పాఠాలు తయారు చేస్తున్నావట. పాఠాలు మంచివే అయ్యుంటాయి, నీ మీద నాకు అనుమానం లేదు. చిన్నప్పుడు కొల్లేరు గట్టున గూడబాతుని చూపిస్తే దాని సంచిని రెండు గంటలు గీస్తూ కూర్చున్న వాడివి. ఆ కాగితం నా దత్తా బొమ్మల కట్టలోనే ఉంది.

వచ్చే ఆదివారం రా. కైకలూరు వైపు నుంచి పాలాయన గుర్రపుడెక్క తెచ్చిచ్చాడు, దొడ్డిగుమ్మం దగ్గర బకెట్లో వేశాను, నిన్న ఊదారంగు పువ్వు ఒకటి విచ్చింది. ఉబ్బిన కాడలు బాగున్నాయి, అడ్డంగా కోస్తే గాలి గదులు జల్లెడలా కనిపిస్తాయి. సాఫ్రనిన్ సీసా ఎండిపోయింది, నీ ల్యాబులో అడిగి కొంచెం తీసుకురా. కొత్త బ్లేడు కూడా. నీ ఫోనుతోనే ఫోటో తీద్దాం, తరువాత ఇద్దరం గీద్దాం. కొర్రమీను దొరికితే పులుసు పెడతాను, లేకపోతే గుడ్డు.

నీ
అత్తయ్య