వేగమూ కావాలి, నడుమూ నిలవాలి: సందేహాలు - సమాధానాలు

పల్నాడు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బెంగ. వేగంగా వెళ్లే కారు మీద మనసుంది. హాయిగా కూర్చోబెట్టి తీసుకెళ్లేది కొనాలా, రేస్ ట్రాక్ కోసం తయారైనది కొనాలా? పెట్టేది పెద్ద మొత్తం కాబట్టి పొరపాటు జరుగుతుందేమోనన్న భయం సహజం. ఎవరి సందేహం వారిదిగానే తీసుకుని జవాబిస్తున్నాను.

సందేహం: ఏళ్ల తరబడి మిల్లు నడిపి కూడబెట్టిన డబ్బుతో పోర్షే 911 కొనాలనుకుంటున్నాను. ఇంట్లోవాళ్లు కరేరా చాలంటున్నారు. జీటీ3 తీసుకోకపోతే జన్మంతా బాధపడతావని స్నేహితులు అంటున్నారు. తప్పు చేస్తే మళ్లీ కొనే వయసు కాదు నాది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
- ఒక పాఠకుడు, నరసరావుపేట

సమాధానం: ముందు స్థిమితపడండి. వీటిలో ఏది తెచ్చుకున్నా మీరు మోసపోయినట్టు కాదు. తేడా అల్లా, ఏ బండి ఎక్కడ తిరగడానికి తయారైందన్నదే. కరేరాలోని 3 లీటర్ల టర్బో ఇంజను 2,000 ఆర్‌పీఎం దగ్గరే తన లాగుడంతా చూపిస్తుంది. అద్దంకి - నార్కట్‌పల్లి రోడ్డు మీద సిమెంటు లారీని దాటాలంటే కాలు కాస్త నొక్కితే చాలు. జీటీ3లోని 4 లీటర్ల ఇంజనుకు టర్బో లేదు. అది 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, అసలు ఊపు 6,000 దాటాకే వస్తుంది. ఆ ఊపు, ఆ శబ్దం నిజంగానే గొప్పవి, మీ స్నేహితుల మాటలో అబద్ధం లేదు. కానీ ఆ బండి రెండో గేరులోనే 100 దాటేస్తుంది. నాలుగు వరసల హైవే మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగమే గంటకు 100 కిలోమీటర్లు. మీరు అంత డబ్బు పోసి కొన్న ఆ ఊపును చట్టం మీరకుండా చూడాలంటే ట్రాక్‌కు వెళ్లాల్సిందే.

ఈ గుంజాటన మీ ఒక్కరిదే అనుకోకండి. 1973 నాటి 911 కరేరా ఆర్‌ఎస్ 2.7ను పోర్షే రెండు రకాలుగా అమ్మింది. బరువంతా పీకేసిన స్పోర్ట్ ఒకటి, ఇంటి కారులా లోపల అన్నీ ఉన్న టూరింగ్ ఇంకొకటి. తయారైన 1,580 బళ్లలో 1,308 టూరింగే. ఆ టూరింగ్ బళ్లు కూడా ఇవాళ కోట్లు పలుకుతున్నాయి. ఏడాదికి రెండు మూడుసార్లైనా ట్రాక్‌కు తీసుకెళతానని గట్టిగా అనుకుంటేనే జీటీ3 తీసుకోండి. లేదంటే మీ ఇంట్లోవాళ్ల మాటే నా మాట. రెండిటి మధ్యా మనసు ఊగుతుంటే జీటీ3లోనే టూరింగ్ ప్యాకేజీ ఉంది. దానికి పెద్ద రెక్క ఉండదు, కొత్త తరంలో వెనక సీట్లు కూడా అడిగి పెట్టించుకోవచ్చు. సస్పెన్షన్ గట్టిదనం మాత్రం తగ్గదు, అది తెలిసి కొనండి.

సందేహం: హీరో నాగచైతన్య దగ్గర ఉన్నలాంటి కారే కావాలని మా అబ్బాయి పట్టుబట్టాడు. వాడికి ఇరవై ఆరేళ్లు. ఆ కారు ఎక్కితే ఏమవుతుందోనని గుండె దడగా ఉంది.
- ఒక తల్లి, చిలకలూరిపేట

సమాధానం: మీ భయం అర్థమైందమ్మా. ఆ బండి దానంతటది ప్రమాదకరమైనది కాదు, బ్రేకులూ పట్టూ చాలా గొప్పవి. నాగచైతన్య 2024లో కొన్నది పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్. ఆయనకు రేసింగ్ అంటే ప్రాణం, హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అనే రేసింగ్ జట్టుకు యజమాని కూడా. ఆ కారు పనితనం ఎలాంటిదంటే, గంటకు 285 కిలోమీటర్ల వేగంలో గాలి దాన్ని 860 కిలోల బరువుతో నేలకు అదుముతుంది. ఆ వేగంలో తిరిగే చోటు మన జిల్లాలో ఎక్కడుంది? ముందు డిక్కీ ఉండాల్సిన చోట రేడియేటర్ పెట్టారు కాబట్టి పెళ్లికి వెళ్లాలంటే పెట్టె సర్దుకునే వీలు కూడా లేదు. బండలాగుడు పోటీలకు పెంచిన ఒంగోలు గిత్తలను రైతు రోజూ అరకకు కట్టడు కదమ్మా, అబ్బాయికి ఆ మాట చెప్పి చూడండి. ముందు ఒకసారి ట్రాక్ మీద శిక్షణకు పంపండి. దాని తర్వాత కూడా అదే కావాలంటే అప్పుడు ఆలోచించవచ్చు.

సందేహం: సెకండ్ హ్యాండ్‌లో ట్రాక్ రకం కారు తీసుకున్నాను. పొద్దున్నే మా నాపరాళ్ల వాకిట్లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెనక్కి తీస్తుంటే ముందు చక్రాలు టకటకమని ఎగిరెగిరి పడుతున్నాయి. పగిలిన బండి అంటగట్టారేమోనని భయం.
- పిడుగురాళ్ల

సమాధానం: ఏదీ పగల్లేదు, ఊపిరి పీల్చుకోండి. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న గుండ్రం, బయటి చక్రం పెద్ద గుండ్రం తిరగాలి. ట్రాక్ బళ్లలో చక్రాల కోణాలు వేగంగా తిరగడానికి అమర్చి ఉంటాయి, ఇరుకు వాకిలి కోసం కాదు. అందుకే వెడల్పాటి టైరు రాయిని పట్టుకుని కాసేపు ఈడ్చుకుపోయి ఒక్కసారిగా జారుతుంది, ఆ చప్పుడే మీకు వినిపిస్తోంది. టైర్లు వేడెక్కాక తగ్గుతుంది. తిన్నగా వెళ్లేటప్పుడు, గుంతలో పడినప్పుడు కూడా చప్పుడు వస్తే మాత్రం ఆ రోజే మెకానిక్‌కు చూపించండి.

సందేహం: మా ఊరి స్పీడ్ బ్రేకర్ల మీద ప్రతిసారీ కారు కింద గీసుకుంటోంది. ఆ చప్పుడు వింటే ప్రాణం పోతోంది. ఇంజను దెబ్బతింటుందా?
- గురజాల

సమాధానం: ఆ చప్పుడు భయపెట్టినంతగా లోపల నష్టం ఉండదు. చాలా స్పోర్ట్స్ కార్లలో కింద ముందుగా తగిలేది ప్లాస్టిక్ పలక, ఇంజను దాని పైన ఎత్తులో ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉండాలి. అలా కట్టిన దాని మీద చాలా బళ్లు మెల్లగా దాటేస్తాయి. మన ఊళ్లలో పిల్లలకు దెబ్బలు తగులుతున్నాయని జనం సొంతంగా పోసుకున్నవి సన్నగా, నిటారుగా ఉంటాయి, వాళ్లనూ తప్పు పట్టలేం. వెనకా ముందూ ఎవరూ లేరని చూసుకుని, ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కించి దింపండి, బ్రేకు మీద కాలు ఉంచి ఎక్కించకండి. బ్రేకు నొక్కితే బండి ముక్కు ఇంకా కిందికి దిగుతుంది. కొత్త కారు కొనేవాళ్లు ముందు భాగాన్ని మీట నొక్కి లేపే ఏర్పాటు ఉందేమో అడగండి. 911లో అది ముక్కును సుమారు 40 మిల్లీమీటర్లు లేపుతుంది. నా లెక్కలో మన రోడ్ల మీద అన్నిటికంటే పనికొచ్చే ఖర్చు అదే.

గట్టిగా తగిలిందని అనుమానం వస్తే రాత్రి ఇంజను కింద ఒక తెల్ల అట్టముక్క పరచండి. పొద్దున అట్ట మీద మరక లేకుండా తడి ఆరిపోతే అది ఏసీ నీరు, పట్టించుకోనక్కర్లేదు. వేలితో తాకితే జిడ్డుగా నల్లగా అంటుకున్నా, రంగు నీళ్లలా ఉండి తియ్యటి వాసన వస్తున్నా బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

సందేహం: ఎండాకాలం మా ఊళ్లో బయట నిలబడలేం. కారు ఆపేశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంటోంది, టైర్లలో గాలి పెరిగినట్టు చూపిస్తోంది. పేలిపోతాయా?
- రెంటచింతల

సమాధానం: మీ ఊరి ఎండ సంగతి రాష్ట్రమంతా ఎరుగును, భయం వేయడంలో తప్పు లేదు. ఆపాక కొన్ని నిమిషాలు ఫ్యాను తిరగడం మామూలే, బండి తన వేడిని తానే దించుకుంటోంది. సుమారు ఐదారు డిగ్రీల వేడికి టైరులో ఒక పీఎస్ఐ గాలి పెరుగుతుంది. ప్రయాణం చేశాక నాలుగైదు పెరిగినా టైరు దాన్ని తట్టుకునేలాగే తయారవుతుంది. వేడిగా ఉన్నప్పుడు గాలి తీయించకండి, తెల్లారి చల్లబడ్డాక గాలి తక్కువై ఇంకో ప్రమాదం వస్తుంది. పొద్దున్నే ఎండెక్కక ముందు చూపించి, డోరు పక్కన రాసి ఉన్నంత ఉంచండి. నాలుగింటిలో ఒక్క టైరు మాత్రమే తేడాగా ఉంటే, ఇంజను వేడి ముల్లు ఎర్ర గీత వైపు వెళితే, అప్పుడు ఆగండి.

సందేహం: నాన్నకు నడుం నొప్పి. అందుకని మెత్తటి సస్పెన్షన్ ఉన్న కారు చూశాం. మెత్తగా ఉంటే రోడ్డు మీద పట్టు ఉండదని, గట్టి బండే సురక్షితమని ఎవరో అన్నారు. నాన్న కోసం భద్రత వదులుకుంటున్నానా?
- వినుకొండ

సమాధానం: లేదు, మీరేమీ వదులుకోవడం లేదు. గట్టి సస్పెన్షన్ అద్దంలాంటి ట్రాక్ మీద పట్టు పెంచుతుంది. గుంతలున్న రోడ్డు మీద అదే బండి ఎగిరెగిరి పడుతుంది, చక్రం నేలను వదిలిన ఆ క్షణంలో బ్రేకూ పనిచేయదు, స్టీరింగూ పనిచేయదు. గతుకుకు తగ్గట్టు కిందికీ పైకీ కదిలే చక్రమే మన రోడ్డును వదలకుండా పట్టుకుంటుంది. నాన్నగారిని షోరూముకు తీసుకెళ్లి రెండు మూడుసార్లు ఎక్కి దిగమనండి, ట్రాక్ బళ్లలో ఉండే ఎత్తు అంచుల బకెట్ సీట్లు నడుం నొప్పి ఉన్నవాళ్లకు పడవు. కూర్చున్నాక కాలు తిమ్మిరెక్కుతోందని ఆయన అంటే మాత్రం కారు సంగతి పక్కనపెట్టి ముందు ఎముకల డాక్టరును కలవండి.

సందేహం: తమ్ముడు స్విఫ్ట్ స్ప్రింగులు కోయించి బండిని కిందికి దింపించాడు. రేసు కారులా ఉందని మురిసిపోతున్నాడు. నాకెందుకో భయం.
- దాచేపల్లి

సమాధానం: మీ భయం సరైనదే, దీన్ని మాత్రం ఆలస్యం చేయకండి. కోసిన స్ప్రింగు చక్రం కిందికి జారినప్పుడు తన చోటు నుంచి పక్కకు తప్పుకోవచ్చు. షాకబ్జర్లు కదిలే చోటు మిగలక త్వరగా పాడవుతాయి. పాత స్ప్రింగులు మళ్లీ వేయించి అలైన్‌మెంట్ చేయించండి. తమ్ముణ్ణి తిట్టకండి, కావాలంటే అదే డబ్బుతో మంచి టైర్లు కొనిపెట్టండి. బండి తిరిగే తీరులో తేడా అతనికే తెలుస్తుంది.

సందేహం: మాచర్ల నుంచి సాగర్ వెళ్లే దారిలో గుంతలో పడి టైరు పక్కన బుడగలా ఉబ్బింది. కారుకు స్టెప్నీ లేదు. గాలి పోలేదు కదా, కొన్నాళ్లు నడపొచ్చా?
- మాచర్ల

సమాధానం: అడిగి మంచి పని చేశారు. ఆ ఉబ్బు అంటే టైరు లోపలి దారాలు తెగాయని, పైన ఉన్న రబ్బరు ఒక్కటే గాలిని ఆపుతోందని అర్థం. నడపకండి, దానికి ప్యాచ్ లేదు, టైరు మార్చడమే. చాలా స్పోర్ట్స్ కార్లలో స్టెప్నీ బదులు ఇచ్చే జిగురు సీసా మేకు దిగిన చిన్న రంధ్రానికే పనికొస్తుంది, పక్క చీలితే పనికిరాదు. రాత్రిపూట అడవి దారుల్లో తిరిగే అలవాటుంటే, ఎత్తైన పక్కలున్న టైర్లు, కనీసం చిన్న స్టెప్నీ పట్టే బండినే ఎంచుకోమంటాను.

సందేహం: ట్రాక్ కోసం చేసిన టైర్లు వానలో జారతాయంటున్నారు. నిజమేనా?
- సత్తెనపల్లి

సమాధానం: కొంత నిజం. వాటికి నీటిని బయటికి తోసే గాడులు తక్కువ, నిలిచిన నీటి మీద త్వరగా తేలతాయి. మెల్లగా వెళితే ప్రమాదం తగ్గుతుంది. తొలకరి వానకు రోడ్డు మీద దుమ్మూ నూనే కలిసిన రోజున ఏ టైరైనా జారుతుంది, ఆ రోజు బండి ఇంట్లో ఉంచడమే మంచిది.

సందేహం: సొంతూరు గురజాల, ఉద్యోగం డాలస్‌లో. కోర్వెట్ స్టింగ్‌రే కొన్నాను. అందులోనే ఇంకా బలమైన జడ్06 కొననందుకు స్నేహితులు జాలిపడుతున్నారు. వచ్చే నెల ఆస్టిన్ ట్రాక్‌లో మొదటిసారి నడపబోతున్నాను. నా బండి సరిపోతుందా? బ్రేకులు ఫెయిలైతే?
- టెక్సాస్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మొదటిసారి వెళ్లేవారికి స్టింగ్‌రే సరిపోవడమే కాదు, మేలు కూడా. అది 495 హార్స్‌పవర్ బండి, జడ్06 670. ఐదున్నర కిలోమీటర్ల ఆస్టిన్ ట్రాక్‌లో 2012 నుంచి ఫార్ములా వన్ నడుస్తోంది, అక్కడ మొదటి రోజు మీకు తక్కువయ్యేది అలవాటే, బలం కాదు. వెళ్లేముందు బ్రేక్ ఆయిల్ కొత్తది పోయించండి. పాత ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది, వేడికి మరిగి బుడగలొస్తాయి. బ్రేకుల నుంచి కాలిన వాసన రావడం మామూలే. పెడల్ మెత్తబడి ఇంకా లోతుకు దిగుతుంటే మాత్రం మరో చుట్టు వేయకుండా నెమ్మదిగా పిట్‌కు వచ్చేయండి. చివరి చుట్టు మెల్లగా తిరిగి బ్రేకులు చల్లార్చండి, ఆపాక హ్యాండ్ బ్రేకు వేయకండి. మామూలు ఇన్సూరెన్స్ చాలావరకు ట్రాక్ మీద చెల్లదు, ఆ ఒక్క రోజుకు విడిగా పాలసీలు అమ్ముతారు, తీసుకోండి.

సందేహం: మా వాడు రాత్రిళ్లు బైపాస్ మీద స్నేహితులతో కార్ల పందేలకు వెళుతున్నాడని తెలిసింది. ఎలా ఆపాలో తెలియడం లేదు.
- ఒక తండ్రి, నరసరావుపేట

సమాధానం: ఇది తెలుసుకున్న తండ్రికి కాళ్లూ చేతులూ ఆడవు. రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మన కారు పాలసీ కాగితాల్లో రేసింగ్, వేగ పరీక్షలకు వర్తించదని రాసే ఉంటుంది, సొంత బండి నష్టానికి రూపాయి రాదు. తాళాలు లాక్కుంటే ఇంకొకరి బండి ఎక్కుతాడు. కూర్చోబెట్టి ఆ కాగితం చదివించండి, ఆ వేగం తీర్చుకునే చోటు వేరే ఉందని కింది జవాబు చూపించండి.

సందేహం: నేను ఇంజనీరింగ్ విద్యార్థినిని. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం చూసినప్పటి నుంచి ట్రాక్ మీద నడపాలని కోరిక. ఇంట్లో ఉన్నది చిన్న హ్యాచ్‌బ్యాక్. అక్కడికి వెళితే నవ్వుతారేమోనని సిగ్గు, ఆడపిల్లనని ఇంకో భయం.
- నరసరావుపేట

సమాధానం: నవ్వరమ్మా. ట్రాక్ తెలిసినవాళ్లకు చిన్న బండిని నేర్పుగా నడిపేవాళ్లంటే గౌరవం. మొదట హైదరాబాద్‌లో గో-కార్ట్ నడపండి, రేసింగ్ మలుపులూ బ్రేకింగూ అందరూ నేర్చుకునేది అక్కడే. తర్వాత చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్, కోయంబత్తూరులో 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. అక్కడి రేసింగ్ స్కూళ్లలో బండి, హెల్మెట్, సూటు వాళ్లే ఇస్తారు కాబట్టి ఇంట్లో కారును తీసుకెళ్లే పనే లేదు. పోటీల్లో దిగాలనుకుంటే అప్పుడు దేశ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సు కావాలి, శిక్షణ పొందిన స్కూలునే అడిగితే ఆ దారి చూపిస్తారు. మొదటి రోజు చేతులు వణకడం, మెడ పట్టేయడం మామూలే, రెండు రోజుల్లో పోతాయి. తల తిరుగుడు, చూపు మసక ఆగకపోతే మాత్రం నడపడం ఆపి, శిక్షకుడికి వెంటనే చెప్పండి.